పదమూడో ఎక్కం

ఆ మెట్ట ఊరి బడిలో పదకొండు మంది పిల్లలు, పదకొండు చెవిపూసలు. ఎవరి స్థాయికి తగ్గ పాఠం వాళ్ల చెవిలోనే ఆ యంత్రపు పూస చెబుతుంది కాబట్టి గదిలో చడీచప్పుడూ ఉండదు. మార్కులు మాత్రం మూడు నెలలుగా దిగజారుతున్నాయి. గొంతులు విని హాజరూ మార్కులూ వేసే గోడమీది తెర ఈరోజు పెట్టే ఎక్కాల పరీక్ష కూడా తప్పితే బడికి తాళమే.

"నీకొచ్చిన లెక్కే తప్పు చెప్తన్నావేంటే మంగా?" అనడిగింది దాక్షాయణి టీచరు.

"రైటు చెప్తే పూస నన్ను పై పాఠంలోకి ఎట్టుకుపోద్దండి. నూకరాజు ఎనకాల ఒక్కడే ఉండిపోతాడండి. అందుకే అందరం ఆగుతున్నావండి."

దాక్షాయణికి తన చిన్ననాటి సాయంత్రాలు గుర్తొచ్చాయి. ఇంటిగంట ముందు అందరూ కలిసి ఎక్కాలు అప్పజెప్పేవారు. తను తడబడితే పక్కవాళ్లు రాగం సాగదీసి, తను అందుకునేదాకా ఆగేవారు.

ఆవిడ పూసలన్నీ తీయించి బల్ల మీద పెట్టించింది. "పదమూడు ఒకట్ల పదమూడు" అని ఎత్తుకుంది. పదకొండు గొంతులు అందుకున్నాయి. ఎనిమిదో మెట్టు దగ్గర నూకరాజు తడబడ్డాడు. రాగం సాగింది, వాడు అందుకున్నాక ముందుకు నడిచింది.

అంతా విన్న గోడమీది తెర ఫలితం చూపించింది: "మార్కులు నూటికి నూరు. హాజరైనవారు ఒక్కరు."