ఏ నెలైనా ఫర్వాలేదు

స్టెల్లా లేచి నిలబడబోతుంటే థామస్ ఆమె చీర కొంగు పట్టుకుని లాగాడు. ఆమె ఆగలేదు. శుక్రవారం ఆరాధన చివర "ఎవరికైనా ప్రార్థన మనవులున్నాయా?" అని పాస్టరు గారు అడగడమే ఆలస్యం, మొగుడి చేతిలోంచి కొంగు విడిపించుకుని నిలబడింది.

అంతకుముందే అదే సంఘంలోని ఏంజెల్ సాక్ష్యం చెప్పింది. టర్కీలో సముద్రపొడ్డు ఊరికి వెళ్లి క్షేమంగా తిరిగొచ్చామని దేవునికి స్తోత్రాలు చెల్లిస్తూ, పనిలో పనిగా హోటలు గది కిటికీ ఎంత పెద్దదో కూడా చెప్పింది. ఆ కిటికీ స్టెల్లా గొంతులో అడ్డం పడింది.

"మేము కూడా నీస్ వెళ్దామనుకుంటున్నామండీ. ఫ్రాన్స్‌లో, సముద్రపొడ్డునే ఉంటుంది. ఏ నెలలో వెళితే మంచిదో దేవుడే చూపించాలి. అందరూ ప్రార్థన చేయండి."

అప్పటిదాకా వాళ్లింట్లో నీస్ అన్న మాటే ఎవరూ ఎత్తలేదు. నాలుగు వైపులా సముద్రమున్న బహ్రెయిన్‌లో కాపురముంటూ ఇంకో సముద్రం కోసం దేవుణ్ణి కదిలించిన ఘనత ఆమెదే. పాస్టరు గారు మాత్రం కళ్లు మూసుకుని, జబ్బుమనిషి కోసం చేసినంత శ్రద్ధగా ఆ నెల కోసం ప్రార్థన చేశారు.

"ఏదో నోటికొచ్చేసిందండీ. కోప్పడకండి," అంది స్టెల్లా ఇంటికెళ్తూ కారులో.

థామస్ కోప్పడలేదు.

అబద్ధానికైనా వివరాలు కావాలి కదా. వారమంతా ఆమె ఫోన్లో నీస్ గురించే చదివింది. సోమవారం పొద్దున థామస్ బ్యాగు భుజాన వేసుకుని డ్యూటీకని బయల్దేరుతూ గుమ్మంలో ఆగాడు.

"స్టెల్లా, నీకో మాట చెప్పాలి."

"నెల సంగతేగా? సాయంత్రం మాట్లాడుకుందాం. సీఫ్ రోడ్డు మీద ట్రాఫిక్కు పెరిగిపోద్ది, వెళ్లండి," అని తలుపేసుకుంది. సాయంత్రం ఆమెకు ఆ మాట గుర్తులేదు, అతను గుర్తు చేయలేదు.

మరుసటి శుక్రవారం పాస్టరు గారు మర్చిపోకుండా అడిగారు. "దేవుడు నెల చూపించాడా తల్లీ?"

"మే నెలలో నీళ్లు చల్లగా ఉంటాయంటండీ. జులై, ఆగస్టుల్లో ఒడ్డున తువాలు పరుచుకోవడానికి కూడా చోటుండదంట. అక్టోబరు వచ్చిందంటే వానలు. అందుకని సెప్టెంబరు అనుకుంటున్నాం."

"మరి అన్నయ్యకి సెప్టెంబరులో సెలవు దొరుకుద్దా?" అని అందుకుంది ఏంజెల్.

"ఏ నెలైనా ఫర్వాలేదు," అన్నాడు థామస్ నేల చూస్తూ.

"ఎంత మంచి కంపెనీయో!" అనుకున్నారు ఆడవాళ్లు. స్టెల్లా తలెత్తుకుని కూర్చుంది.

ఎత్తిన తల మంగళవారానికల్లా దిగింది. వంట చేస్తుంటే ఏంజెల్ ఫోన్ చేసింది.

"నరసాయమ్మ గారు మీ నెల కోసం ఉపవాసం పట్టారంట కదా వదినా! పగలంతా మంచినీళ్లేనంట. అసలే షుగరు మనిషి. నిన్న వంటింట్లో కళ్లు తిరిగి కూలబడ్డారంట."

"నా కోసమని ఆవిడే చెప్పారా?"

"ఎవరి కోసమో ఆవిడెప్పుడు చెప్పారు గనక? ఈమధ్య సంఘంలో కొత్త మనవి మీదేగా!"

స్టెల్లా పొయ్యి ఆపేసింది. నరసాయమ్మ సంఘంలో అందరికంటే పెద్దావిడ. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా తిండి మానేసి మోకాళ్ల మీద ఉంటుంది. తన గొప్పల కోసం ఆ ముసలిప్రాణం పస్తుంటోంది. ఆవిడకేమైనా అయితే? సిగ్గుతో స్టెల్లా చెవులు కాలిపోయాయి. బయటికెళ్లడానికి జుట్టు దువ్వుకుందామంటే అద్దం ముందు నిలబడడానికి కూడా మొహం చెల్లలేదు. గబగబా రాగిజావ కాచి, ఫ్లాస్కులో పోసుకుని, టాక్సీ ఎక్కి అరాద్‌లో నరసాయమ్మ కొడుకింటికి వెళ్లింది.

నరసాయమ్మ మంచం మీద గోడకు చేరగిలబడి ఉంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. స్టెల్లా ఆవిడ కాళ్ల దగ్గర కూలబడింది.

"అత్తయ్యా, ఈ జావ తాగండి. ఇంక ఉపవాసం వద్దు."

ముసలావిడ మొహం విప్పారింది. "అంటే, దేవుడు విన్నాడా అప్పుడే?"

"లేదత్తయ్యా. నేనే అబద్ధమాడాను. మేం ఎక్కడికీ వెళ్లట్లేదు. ఏంజెల్ ముందు తక్కువైపోతానని దేవుడి సన్నిధిలో నిలబడి అబద్ధమాడాను. నా నెల కోసం మీరు పస్తుండి ఏదైనా అయితే నేను బతకలేను. వచ్చే శుక్రవారం అందరి ముందూ ఒప్పేసుకుంటాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను, ముందు ఇది తాగండి," అని బావురుమంది.

నరసాయమ్మ ఆమె తల నిమిరింది.

"నెల కోసం ఎవరైనా పస్తుంటారటే, పిచ్చిదానా? నేను పస్తుంటున్నది మొన్న రంజానుకి ముందు మీ ఆయనకి పోయిన ఉద్యోగం కోసం గదా!"