దూరం లెక్క

“ఆకర్షణ, వికర్షణ. లోకమంతా ఈ రెండింటితోనే నడుస్తుందని మా ఊళ్ళో ఒకాయన ఉపన్యాసమిచ్చాడు. ఇవే మూలసూత్రాలంటారా?”

రామబ్రహ్మం అడిగిన తీరుకి కమిటీ అధ్యక్షుడు సీతారామాంజనేయులు మీసాల్లో నవ్వుకున్నాడు. బందరులో కొత్తగా పెట్టిన కాలేజీకి ఫిజిక్సు లెక్చరరు కావాలి. ఉన్నది ఒక్క ఉద్యోగం. అధ్యక్షుడి మేనల్లుడు జగన్మోహనరావు ఇంటర్వ్యూ అయిపోయింది. ప్రిన్సిపాలు రాజ్యలక్ష్మి మొగ్గు ఎదురుగా కూర్చున్న కృపమ్మ వైపు. తేల్చవలసిన మూడో ఓటు గుడివాడ బియ్యం వ్యాపారి రామబ్రహ్మానిది. గింజ కొరికి చూడందే బస్తా దించనివ్వని మనిషి.

“కావండీ,” అంది కృపమ్మ. “రాయి కింద పడింది, ఆకర్షణ అన్నాం. జరిగినదానికి పేరు పెట్టాం, అంతే. ఎంత దూరంలో ఎంత బలమో చెప్తేనే సూత్రం.”

తూకం చెప్పని సరుకు సరుకే కాదు. ఆ జవాబు రామబ్రహ్మానికి నచ్చింది. పైకి తేలనివ్వలేదు.

“అయస్కాంతాలు రెండు దగ్గరికి తెస్తే, ఒకే రకం కొసలు ఎందుకు తోసుకుంటాయి?”

“ఎంత గట్టిగా తోసుకుంటాయో లెక్క కట్టగలనండీ. ఎందుకో నాకు తెలియదు.”

“తెలియకుండానే పాఠం చెప్తారా?”

“తెలియనిది తెలియదనే చెప్తాను.”

ఆమె వేళ్ళు కొంగు అంచుని నలిపేస్తున్నాయి. దివిసీమ నుంచి రేవు దాటి వచ్చింది. భర్త సామ్యేలు మంచం పట్టి ఏడాదయిందని, ఈ ఉద్యోగం రాకపోతే పిల్లల బడి మాన్పించాల్సిందేనని రాజ్యలక్ష్మి ముందే చెప్పింది.

“చాల్లెండి రామబ్రహ్మంగారూ, ఇదేమన్నా కోర్టా?” అంది రాజ్యలక్ష్మి.

“ఇంకొక్కటి.” ఆయన కాగితం మీంచి తలెత్తలేదు. “భూమి లాగే ఆ బలం, దూరం పెరిగితే?”

“తగ్గుతుందండీ. రెట్టింపు దూరానికి నాలుగోవంతు.”

“పదిరెట్లు పోతే?”

“నూరోవంతు.”

“మరీ దూరం పోతే సున్నా అయిపోతుందా?”

కృపమ్మ కొంగు వదిలేసి ఆయన వంక చూసింది.

“ఎప్పటికీ కాదండీ.”

ఆమెను బయట కూర్చోమన్నారు.

“బాగా పిండారు రామబ్రహ్మంగారూ!” అన్నాడు అధ్యక్షుడు. “ఇహ మావాడి పేరు రాసేద్దామా?”

“మీవాణ్ణీ ఇదే అడిగాను. అరగంట మాట్లాడి అంకె ఒక్కటి చెప్పలేదు. ఖాళీ కాటా ఊపాడు.”

“ఆవిడ పెళ్ళి కోసం కిరస్తానీల్లో కలిసిందటండీ. రేపు గుడివాడలో మీవాళ్ళు ఊరుకుంటారా?”

“బియ్యం కొనేటప్పుడు పండించినవాడు ఏ దేవుడికి మొక్కుతాడో అడుగుతామా?” రామబ్రహ్మం కలం మూత తీశాడు. “ఒకసారి అడిగాను. నష్టపోయాను.”

కృపమ్మ పేరు ఎదుట సంతకం పెట్టేశాడు. అధ్యక్షుడి మొహం మాడింది.

రాజ్యలక్ష్మి ఆమెను లోపలికి పిలిచి కబురు చెప్పింది. కృపమ్మ అధ్యక్షుడికి నమస్కరించింది, ప్రిన్సిపాలుకు నమస్కరించింది. రామబ్రహ్మం ముందుకు వచ్చి ఆగిపోయింది. ఆయన అప్పుడు తలెత్తాడు.

“వెళ్ళొస్తాను, నాన్నా.”