ముందు సీటు పందెం

“ఈసారి ముందు సీట్లో నేను కూర్చుంటాను,” అంది బామ్మ, పుచ్చతోట పక్కన కారు ఆగగానే దిగి, చేతులు కట్టుకుని.

తాతయ్య గుండెల్లో రాయి పడింది. ప్రతి వేసవి ప్రయాణంలోనూ స్టీరింగు కొడుకుది, ముందు సీటు తనది. కాళ్ళు బారచాపుకోవచ్చు, ఏసీ చల్లగాలి నేరుగా మొహానికి కొడుతుంది, దారి పొడుగునా కొడుక్కి తప్పు దారులు చెప్పొచ్చు. వెనక కోడలికీ మనవరాలికీ మధ్య అప్పచ్చిలా నలిగే భాగ్యం బామ్మది.

“మోకాళ్ళు పట్టేశాయండీ. ఈ ఒక్క పూటే,” అంది బామ్మ.

“ముందు కూర్చుంటే నీకు కళ్ళు తిరుగుతాయే. నీ మంచికే చెబుతున్నా.”

“అయితే పందెం. చెరో కాయ కోద్దాం. ఎవరిది ఎర్రగా ఉంటే వాళ్ళది ముందు సీటు.”

తాతయ్య మీసాల చాటున నవ్వుకున్నాడు. కోరి కోరి తన దారికే వచ్చింది! జీవితమంతా గడియారాలు బాగుచేసిన చెవి తనది. ఎక్కడ పండింది అక్కడే తినాలని ఊరూరా కారాపించి, కాయను వేలితో కొట్టి, చెవి ఆనించి వినడం ఆయన వేసవి సరదా. కోశాక లోపల తెల్లగా ఉంటే తప్పు నేలది, లేదా వానది, లేదా పక్కన నిలబడి మాట్లాడినవాళ్ళది. ఆ లెక్కన ఆయన ఇంతవరకూ ఒక్క పందెమూ ఓడలేదు.

“తర్వాత ఏడిస్తే లాభం లేదు,” అన్నాడు.

“మాటంటే మాటే,” అంది బామ్మ.

తోటావిడ తీగల మధ్యకి దారి చూపించింది. “తోటంతా పండే ఉంది పెద్దాయనా. కళ్ళు మూసుకుని కోసుకోండి.”

కళ్ళు మూసుకుని కోయడానికి తాతయ్య ఏమైనా సామాన్యుడా? ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, వంగి, ఒక్కో కాయనీ కొట్టి విన్నాడు. ఇది తొందరపడింది. ఇది మొహమాటపడుతోంది. ఇది అబద్ధాలాడుతోంది.

“ఎంతసేపు తలుపు కొడతారు పెద్దాయనా? లోపల ఎవరూ లేరు!” అంది తోటావిడ.

“నువ్వుండమ్మా, వినబడటం లేదు!”

బామ్మ మాత్రం అటూ ఇటూ ఒక చుట్టు తిరిగి, ఒక కాయ కోసుకుని వచ్చేసింది.

“అదేంటి, కొట్టి చూడలేదా?” అన్నాడు తాతయ్య.

“ఇన్నేళ్ళ కాపురంలో మిమ్మల్నే కొట్టలేదు. పాపం దాన్నేం కొడతాను?”

తోటావిడ రెండు కాయల్నీ గట్టు మీద పెట్టి కత్తి వేసింది. బామ్మ కాయ లోపల సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. “అయ్యో, ఇదెక్కడ దొరికిందమ్మా మీకు!” అని తోటావిడ నొచ్చుకుంది.

తాతయ్య కాయ ఎర్రగా, రసం కారుతూ విచ్చుకుంది. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది ఆయనే. పైకి మాత్రం తెలియనివ్వలేదు.

“చూశావా? చెవంటే ఇదీ!”

“మీ చెవికి దండం పెట్టాలండీ,” అంది బామ్మ, మోచేతుల దాకా రసం కార్చుకుంటూ. “ఇంత తీపి నేనెప్పుడూ తినలేదు. వెళ్ళేది మా తమ్ముడింటికే కదా, వాడికీ మీ చేత్తో ఒకటి ఏరండి. పెద్దది. చూసి నోరు వెళ్ళబెట్టాలి.”

భార్య నోట మెప్పు, అదీ బావమరిది ముందు వెలిగే మెప్పు! తాతయ్య తోటలోకెల్లా పెద్ద కాయనే ఎంచాడు. దాన్ని కొడుకూ తోటావిడా కలిసి మోసుకురావాల్సి వచ్చింది.

డిక్కీ తీస్తే సూట్‌కేసుల మధ్య దోమ దూరే సందు లేదు. వెనక సీట్లో ముగ్గురు మనుషులు, ఆరుగురికి సరిపడా సంచులు.

“కింద మాత్రం పెట్టకండి. పండిన కాయ, దొర్లి దేనికి తగిలినా పగులుతుంది. ఒళ్ళో పెట్టుకోవాల్సిందే,” అంది తోటావిడ.

“ఇటివ్వు, నేను పట్టుకుంటా.” తాతయ్య ముందు సీట్లో దర్జాగా కూర్చున్నాడు. కొడుకు కాయను ఒళ్ళో పెట్టాడు. జారింది. మళ్ళీ పెట్టాడు. మోకాళ్ళ మీంచి దొర్లి కిందపడబోతుంటే ఒడిసి పట్టుకున్నాడు. తాతయ్యకు పొట్ట ఉంది కానీ ఒడి లేదు.

“లాభం లేదు నాన్నా. అక్కడ ముందే ఒక కాయ ఉంది,” అన్నాడు కొడుకు.

వెనక కోడలు చున్నీ నోట్లో కుక్కుకుంది. తాతయ్య మెల్లగా భార్య వైపు తిరిగాడు.

“ఏమేవ్, కాస్త ముందుకొచ్చి దీన్ని పట్టుకో.”

“అమ్మో, నేను రాను. గెలిచింది మీరు. మాటంటే మాటే.”

“పందెం సంగతి వదిలెయ్. ఇది పగిలితే మీ తమ్ముడి ముందు నా పరువేం కావాలి? నీకు పుణ్యముంటుంది, రా!”

“మీరింతగా బతిమాలుతున్నారు కాబట్టి...” అంటూ బామ్మ ముందు సీట్లోకి మారింది. కాయను ఒళ్ళోకి తీసుకుని, కాళ్ళు చాపి, చల్లగాలిని తన మొహం వైపు తిప్పుకుంది.

కారు కదిలింది. తాతయ్య సంచుల మధ్య మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. అయినా ఆయనకు బాధగా లేదు. గెలిచినవాడు ఎక్కడ కూర్చున్నా గెలిచినవాడే.

మనవరాలికి మాత్రం బామ్మను చూస్తే జాలేసింది. ముందుకు వంగి, “పోనీలే బామ్మా. నీకు కాయలు ఏరడం రాదు కదా, నువ్వేం చేస్తావ్?” అంది.

బామ్మ కళ్ళు మూసుకుని, హాయిగా వెనక్కి వాలింది.

“రాకపోతే, అంత పండిన తోటలో ఆ ఒక్క పచ్చికాయనీ ఎలా పట్టుకున్నాననుకున్నావే?”