చెయ్యి కాలని రేడియేటర్

"చల్లగా ఉంది," అన్నాడు ఎమ్రిస్, గదిని వెచ్చబెట్టే రేడియేటర్ మీద అరచెయ్యి ఆనించి. పొద్దుటి నుంచీ ఇదే మాట, ఇదే మొండితనం.

"చల్లగా లేదు తాతగారూ, గోరువెచ్చగా ఉంది," అంది కెరిస్. "బొగ్గు లేకుండా కరెంటుతో నడిచే హీట్ పంపు పెడితే రేడియేటర్ ఇలాగే ఉంటుంది. చెయ్యి కాలదు, ఇల్లు మాత్రం వెచ్చబడుతుంది."

"చెయ్యి కాలనిది వేడేమిటమ్మాయ్? నీకు సర్టిఫికెట్ ఇచ్చిన మహానుభావుడెవరు?"

కెరిస్ ముఖం చిన్నబోయింది. పంపులు బిగించే సర్టిఫికెట్ చేతికొచ్చాక ఆ పిల్లకి ఇదే మొదటి ఇల్లు. పని బాగుందని ఇంటాయన ఒప్పుకుంటేనే ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. పాత పొయ్యి ఉంచుకున్న ఇంటికి అసలు గ్రాంటే లేదు. అంటే ఎమ్రిస్ ఊఁ అన్న మరుక్షణం, ఇన్నాళ్ళూ ఇంటిని వెచ్చబెట్టి, ఇప్పుడు పెరట్లో పడున్న బొగ్గుల పొయ్యి పాతసామాన్ల బండెక్కుతుంది.

గొడవంతా అక్కడే ఉంది. ముప్ఫయ్యేళ్ళు గనిలో బొగ్గు తవ్విన మనిషి. ఆ పొయ్యంటే ప్రాణం. మంచులో తడుస్తున్న దాన్ని మాటిమాటికీ కిటికీలోంచి తొంగిచూస్తున్నాడు. ఇవాళ ఇంట్లో చలిగా ఉందని రుజువు చేస్తే చాలు, పొయ్యి మళ్ళీ లోపలికొస్తుంది. భార్య మోర్విద్ మాటిచ్చింది.

"నిజంగా చలేస్తోందా నీకు?" అంది మోర్విద్, పేపరుతో విసురుకుంటూ.

"వణికిపోతున్నా!"

కెరిస్ థర్మామీటర్ తీసి చూపించింది. అది మీవాళ్ళు చేసిందేగా అని కొట్టిపారేశాడు. మోర్విద్ ఏదో చెప్పబోయి, కెరిస్ వైపు చూసి పగలబడి నవ్వింది. కెరిస్ కాసేపు పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది గానీ, ఆఖరికి తనూ పొట్ట పట్టుకుని పనిముట్ల పెట్టె మీద కూలబడింది.

ఎమ్రిస్‌కి ఒళ్ళు మండింది. "ఏమిటా ఇకిలింపులు? ఇద్దరూ ఒకటైపోయారు! ఉండండి, ప్రొబర్టుని పిలుస్తా. నాతో గనిలో చేసినవాడు, అబద్ధమాడడు."

"అయ్యో, వద్దు తాతగారూ, బయటికి వెళ్ళకండి!"

"వెళ్ళనీవే," అంది మోర్విద్ కళ్ళు తుడుచుకుంటూ.

ఆయన వీధితలుపు బార్లా తీశాడు. చలి ఈడ్చి కొట్టింది.

"చూశారా! నే చెప్పలా!" అని లోపలికి కేకేసి, ఆ ఊపులోనే గేటు దాకా నడిచాడు. ఎదురింటి ప్రొబర్టు రెండు కోట్లు తొడుక్కుని, పారతో మంచు ఎత్తిపోస్తున్నాడు.

"ఒరేయ్ ప్రొబర్టూ! ఒక్కసారి ఇటొచ్చి సాక్ష్యం చెప్పరా. ఈ దిక్కుమాలిన పంపుతో ఇంట్లో చలికి చచ్చిపోతున్నాను!"

ప్రొబర్టు పార పక్కన పెట్టి, స్నేహితుణ్ణి ఎగాదిగా చూశాడు.

"సాక్ష్యం ఇక్కణ్ణుంచే చెప్పగలను గానీ, ముందు నువ్వు లోపలికెళ్ళి ఆ బనియనూ నిక్కర్ల మీద ఇంకేదైనా తొడుక్కుని రారా!"