ఇంటి ముందు వ్యాను

"వికలాంగుల భృతి రావాలంటే ఇంట్లో సంపాదించేవాళ్లు ఉండకూడదు. రాత్రిపూట ఈ కప్పు కింద ఎవరు పడుకున్నా, వాళ్ల జీతం మీ లెక్కలోకే వస్తుంది. తెలుసుగా?"

"తెలుసమ్మా," అంది మంచం మీది మనిషి. ఆవిడకు నడుం కింద చచ్చుబడి చాలా కాలమైంది.

తనిఖీకి వచ్చిన ఆఫీసరమ్మది డేగచూపు. పక్క వీధిలో ఓ మహానుభావుడు బీరువా వెనక నక్కితే, తుమ్ము విని పట్టేసింది.

ఇక్కడా మూలమూలా గాలించింది. మగచెప్పులు లేవు. రెండో మంచమూ లేదు.

"మీ ఆయన?"

"విడిగా ఉంటున్నాడమ్మా."

"వదిలేసి పోయాడన్నమాట! మరి మీ పనులెవరు చేస్తారు?"

"పగలు ఆయా వస్తుంది. భృతి ఆగితే ఆవిణ్ణి మానిపించాల్సిందే."

ఆఫీసరమ్మకు జాలేసింది. అక్కడికక్కడే సంతకం పెట్టేసి బయటికొచ్చింది.

కిటికీకి ఆనుకుని ఓ పాత వ్యాను ఆగివుంది. లోపల చుట్టిపెట్టిన పరుపు. అద్దంలో చూసుకుంటూ గడ్డం గీసుకుంటున్నాడు డ్రైవరు.

"ఏమయ్యా, రాత్రిళ్లు పడక ఇక్కడేనా?"

"అవును మేడం."

"ఒంటరి ఆడమనిషి కిటికీ పక్కన నీకేం పని? సిగ్గులేదూ?"

అతను నోరు తెరిచాడు. కిటికీ వైపు చూసి మళ్లీ మూసుకున్నాడు.

"ఉండనివ్వండమ్మా, పాపం! నాకే ఇబ్బందీ లేదు," లోపల్నుంచి కేకేసింది ఆవిడ.

"ఇలా మెత్తగా ఉండబట్టే కొంప మీదికి తెచ్చుకుంటారు మీరు! ఏయ్, మళ్లీ ఈ వీధిలో కనిపించావో, పోలీసులకు అప్పగిస్తా!"

వ్యాను కదిలిపోయింది. సాటి ఆడదానికి మేలు చేశానన్న తృప్తితో ఆఫీసరమ్మ ఆ పూట హాయిగా భోంచేసింది.

వారం తర్వాత భృతి కొనసాగింపు మంజూరైందని తనే స్వయంగా చెబుదామని పొద్దున్నే వచ్చింది. ఆయా అప్పుడే తాళం తీస్తోంది.

తలుపు తీయగానే ఇద్దరూ గుమ్మంలోనే నిలబడిపోయారు. ఆవిడ నేల మీద పడివుంది. కాలు వంకరపోయింది. పెదాలు ఎండిపోయాయి.

ఆఫీసరమ్మ పరుగున వెళ్లి తల ఒళ్లోకి తీసుకుంది.

"అయ్యయ్యో! ఎప్పుడు పడ్డారు?"

"రాత్రి... నీళ్లకోసం వంగి..."

"ఓ కేక వేయకపోయారా? ఎవరో ఒకరు వచ్చేవాళ్లు కదమ్మా!"

"తెల్లవార్లూ పిలుస్తూనే ఉన్నా. ఇదివరకైతే కిటికీ తడితే చాలు, వచ్చి పక్కకు తిప్పి, నీళ్లు పట్టి వెళ్లేవాడు."

"ఎవరు?"

ఆవిడ ఖాళీగా ఉన్న వీధి వైపు చూసింది.

"ఇక దాచి ఏం లాభం? మా ఆయనేనమ్మా. ఇంట్లో పడుకుంటే నా భృతి పోతుందని ఇన్నేళ్లూ ఆ వ్యానులోనే కాపురం చేశాడు."