ఐదు మిల్లీమీటర్ల తేడా

ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు. బయట ఇరవై రెండు డిగ్రీలు. గాలి లేదు, అరగంటగా సన్నని తుంపర. క్యాన్సర్ ఆసుపత్రిలోని కిటికీలు లేని రేడియేషన్ గదిలో మాత్రం వాన సంగతి ఎవరికీ పట్టలేదు. పరీక్షకు నిలబడిన అమ్మాయి తెర మీద ఎర్రగా వెలిగిన మచ్చనే చూస్తోంది.

బల్ల మీద పడుకున్నది రోగి కాదు, ప్రొఫెసరు. నేర్చుకునేవాళ్ల తప్పులు రోగి ముఖం మీద కాక తన ముఖం మీద పడాలన్నది ఆయన పద్ధతి. చికిత్స జరుగుతున్నంతసేపూ రోగి తల కదలకుండా పట్టి ఉంచేది ఒక ప్లాస్టిక్ వల మాస్కు. వేడినీళ్లలో మెత్తబడిన ఆ వలను ఆరు నెలల క్రితం పన్నెండు మంది విద్యార్థులూ ఆయన ముఖం మీద పరిచి, తలా ఒక మాస్కు తయారుచేశారు. ఇవాళ ఎవరి మాస్కు వాళ్లు తిరిగి ఆయనకు తొడగాలి. అది ఆనాడు కూర్చున్నట్టే కూర్చుందా లేదా అన్నది గోడల మీది కెమెరాలు పోల్చి, తేడా ఉన్నచోట తెర మీద ఎరుపు చూపిస్తాయి. తేడా రెండు మిల్లీమీటర్లు దాటితే సున్నా. నెగ్గినవాళ్లు సోమవారం నుంచి నిజమైన రోగుల దగ్గరికి వెళతారు. తప్పినవాళ్లు మరో ఆరు నెలలు ఆగాలి.

"ఎడమ చెవి ముందు ఐదు మిల్లీమీటర్లు," అంది తెర దగ్గర కూర్చున్న టెక్నీషియన్ అక్క. "కొలబద్దా, ఇదేంటే? నువ్వు చేసిందేనా ఇది?"

కనిపించినదల్లా కొలుస్తుందని తరగతి ఆ అమ్మాయికి పెట్టిన పేరు అది.

మాస్కులో ఉన్నవాళ్లు మాట్లాడలేరు. వేలెత్తితే వెంటనే విప్పాలి. ప్రొఫెసరు వేలు లేచింది. ఆమె మాస్కు విప్పింది.

"సున్నా," అన్నాడాయన లేవకుండానే. "తొందరలో వలను ఒకపక్కకి లాగేసి ఉంటావు. తర్వాతివాళ్లని రమ్మను."

అక్క రిజిస్టరులో సున్నా వేసింది.

"సార్, రెండు నిమిషాలు. ఇంకొకళ్ల మాస్కు తొడిగి చూస్తాను."

"నీ సున్నాకి తోడు కావాలా?"

"కావాలి సార్."

అక్క నవ్వు దాచుకోవడానికి తెర వైపు తిరిగింది. కొలబద్ద అప్పటికే మాస్కులు దాచిన అలమార దగ్గరికి పరుగెత్తి, తరగతిలో మొదటి స్థానంలో ఉన్న కుర్రవాడి మాస్కు తెచ్చి తొడిగింది. అదే చోట ఎరుపు. ఐదు. మళ్లీ పరుగెత్తింది. మూడో మాస్కు. అదే ఎరుపు, అదే ఐదు. ఆమెకిప్పుడు కలుగుతున్నది భయం కాదు. చిక్కులెక్క తేలబోయే ముందు ఒళ్లంతా పాకే హుషారు అది.

వేలు లేచింది. "అయితే తరగతి మొత్తానికీ సున్నాలే," అన్నాడు ప్రొఫెసరు, మాస్కు తీయగానే.

"ముగ్గురం మూడు వేర్వేరు రోజుల్లో చేశాం సార్. ముగ్గురి తప్పూ ఒకేచోట, ఒకే కొలతలో ఎలా వస్తుంది?"

"ఇన్నాళ్లకి ప్లాస్టిక్ ముడుచుకుని ఉంటుంది."

"ముడుచుకుంటే అన్ని వైపులా ముడుచుకోవాలి కదా సార్."

"సరే, నేను ఒళ్లు చేశాను. మా ఆవిడ కూడా రోజూ అదే అంటోంది."

"ఒళ్లు చేస్తే రెండు చెంపలూ పెరగాలి సార్. కుడి చెంప అర మిల్లీమీటరు కూడా..."

ఆ మాట పూర్తికాలేదు. తానేం అంటున్నదో తన చెవులకే అప్పుడు వినబడినట్టు ఆమె ఆగిపోయింది. చేతిలోని మాస్కును మెల్లగా బల్ల అంచున పెట్టింది.

"సార్, మాస్కులు మారలేదు."

ప్రొఫెసరు చెయ్యి తనంతట తానే ఎడమ చెవి ముందుకి వెళ్లింది. పద్దెనిమిదేళ్లుగా ఇతరుల ముఖాల మీదా మెడల మీదా వెతకడం నేర్చిన వేళ్లు అవి. ఒకసారి తడిమి, వెనక్కి వచ్చి, అక్కడే నిలిచాయి.

"బఠాణీ గింజంత ఉంది," అన్నాడు చివరికి. "నొప్పి లేదు. రోజూ అద్దంలో చూసుకుంటూనే గడ్డం గీసుకుంటున్నాను. అద్దానికి కొలతలు తెలియవుగా."

అక్క రిజిస్టరు మళ్లీ తెరిచింది.

"సార్, ఆ సున్నా కొట్టేయనా?" అని అడిగింది.

"రిజిస్టరులో కొట్టివేతలు ఉండకూడదు. ఇలా తే, కారణం గడి నేను నింపుతాను." ఏదో రాసి, మూసి, అక్క చేతికిచ్చాడు. తర్వాత బల్ల దిగి కొలబద్ద వైపు తిరిగాడు. "రోగుల దగ్గరికి వెళ్లాలని కదమ్మా నీ ఆత్రం? సోమవారం దాకా ఎందుకు, స్కాన్ గదికి పద. నీ మొదటి రోగిని నేనే."

క్యాన్సర్ గడ్డ చిన్నదిగా ఉండగానే దొరకడం వల్ల ఆపరేషనూ చిన్నదే అయింది. ఆ తర్వాత అదే బల్ల మీద, కొలబద్ద చేసిన కొత్త మాస్కులో, ముప్పై విడతల రేడియేషన్ జరిగింది. పన్నెండేళ్లకు ఆయన పదవీ విరమణ చేస్తూ, పాత రిజిస్టర్లన్నీ విభాగానికి కొత్త అధిపతి అయిన కొలబద్దకు అప్పగించాడు. ఆమె సున్నా చెక్కుచెదరకుండా అక్కడే ఉంది, దాని పక్కన, కారణం గడిలో, ఆయన చేతిరాత: "మాస్కు సరిగ్గానే ఉంది. ముఖమే దిద్దించుకోవాలి."