సున్నుండల డబ్బాలో నీళ్లు

స్టీలు డబ్బా మూత తీసిన ఊర్మిళ చేతులు అక్కడే ఆగిపోయాయి. నూట ఇరవై సున్నుండలూ నీళ్లలో కరిగి బురదైపోయి ఉన్నాయి.

పొరపాటున ఒలికిన నీళ్లు కావవి. డబ్బా అంచుదాకా ఉన్నాయి. పక్కనే ఖాళీ బకెట్ దొర్లి పడి ఉంది.

మరిది సత్యదేవ్ కొడుకును తొట్టెలలో వేసే ఫంక్షన్ ఆ రోజు. లాలాగూడలోని ఆ ఇంట్లో జనమంతా పావుగంట కిందటే మేడ మీది టెంటులోకి వెళ్లిపోయారు. పిల్లల భోజనాల బంతికి స్వీటు తీసుకెళ్దామని ఊర్మిళ ఒక్కతే కిందికి దిగింది.

ఆ బంతిలో ఆమె కూతురు శ్రీనిక కూర్చుని ఉంది.

తొమ్మిదేళ్ల శ్రీనికకు గోధుమ పడదు. డాక్టర్లు గ్లూటెన్ అన్నారు, ఇంట్లోవాళ్లకు మాత్రం అది గోధుమే. చపాతీ ముక్క ఒక్కటి లోపలికి వెళ్లినా వారం రోజులు మంచం దిగదు. పోయినేడు రెండుసార్లు ఆస్పత్రిలో చేర్చారు.

అప్పట్నుంచి ఏ ఫంక్షన్‌కు వెళ్లినా ఆ పిల్ల ఓ మూల కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా విప్పుకోవడమే. ఈసారి అందరి పక్కనా కూర్చుని, అందరూ తినేదే తింటానని నెల రోజులుగా ఎదురుచూస్తోంది.

అందుకోసం ఇంట్లో పెద్ద పంచాయితీయే నడిచింది.

"జిలేబీ?" అన్నాడు సత్యదేవ్.

"మైదా" అంది ఊర్మిళ.

"గులాబ్ జామ్?"

"అది సుత మైదానే."

"డబల్ కా మీఠా?"

"బ్రెడ్డు దేంతోని చేస్తరు సత్యా?"

"అయితే నా కొడుకు తొట్టెలకు తలా ఇంత చక్కెర పెట్టి పంపుదాం వదినా. పులిహోర అన్నా ఉంటదా?"

"ఉంటది. ఇంగువ ఉండదు. దాంట్ల సుత గోధుమపిండి కలుపుతరు."

సత్యదేవ్ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

చివరికి అత్త దేవమ్మ రెండు రకాలు చేసి మనవరాలి ముందు పెట్టింది. ఎండు ఆప్రికాట్లతో చేసిన ఖుబానీ కా మీఠా పుల్లగా ఉందని శ్రీనిక మొహం తిప్పుకుంది. ఇంట్లో మిక్సీకి వేసి కట్టిన నాలుగు సున్నుండలు మాత్రం అక్కడికక్కడే ఖాళీ చేసింది.

"గివే చెయ్యి నానమ్మా. అందరికీ చెయ్యి."

ఇప్పుడు వాటి గతి ఇది.

ఎవరు పోశారు? ఎందుకు పోశారు? దొంగయితే ఎత్తుకుపోతాడు గాని నీళ్లెందుకు పోస్తాడు? ఊర్మిళకు ఏమీ పాలుపోలేదు. మెట్ల దగ్గరికి వెళ్లి భర్తనూ మరిదినీ కేకేసింది.

దయాకర్ డబ్బాలోకి ఓసారి, తమ్ముడి మొహంలోకి ఓసారి చూశాడు.

"జిలేబీ లేదని వారం సంది ఏడుస్తున్నవ్. నువ్వేగాని..."

"ఏందన్నా, జిలేబీ కోసం గింత పని చేస్తనా? నా కొడుకు ఫంక్షనే."

అప్పుడే పెరట్లో ఏదో చప్పుడైంది.

నీళ్ల డ్రమ్ము పక్కన ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. లుంగీ మోకాళ్లదాకా తడిసింది. ముగ్గురూ తన మీదికి వస్తున్నా పారిపోలేదు.

ఊర్మిళ గుర్తుపట్టింది. పొద్దున గేటు దగ్గరికి వచ్చినవాడే.

"మీ ఇంటి పెద్దమ్మతోని మాట్లాడాలె" అన్నాడప్పుడు.

"భోజనాలు ఒంటిగంటకు. అప్పుడు రా, పెడ్తం."

"బువ్వకు కాదమ్మా..."

"ఒంటిగంటకు రమ్మంటున్న గదా" అని ఆమె గేటు వేసేసింది. వంద పనుల్లో అది ఒకటి.

దయాకర్ అతని చొక్కా పట్టుకున్నాడు. "నువ్వేనా పోసింది?"

ముసలాయన ఊర్మిళను చూశాడు.

"పాప ఒక్కటన్న తిన్నదా అమ్మా?"

ఊర్మిళ అడుగు ముందుకేసింది. ముక్కూమొహం తెలియని ఈ మనిషికి తన కూతురితో ఏం పని?

"తినలే. ఎందుకు?"

అతను గట్టిగా ఊపిరి వదిలాడు. మొహం తేటపడింది.

"పాప తినొద్దనే పోసిన."

దయాకర్ చెయ్యి లేచింది. చెంప ఛెళ్లుమంది.

ముసలాయన తూలి, డ్రమ్ము అంచు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. మేడ మీద పిల్లలు స్వీటు, స్వీటు అంటూ అరుస్తున్నారు. ఆ గోలలో శ్రీనిక గొంతు కూడా ఊర్మిళకు వేరుగా వినిపించింది.

"పోలీసులకు ఫోన్ కొడ్తున్నన్నా" అన్నాడు సత్యదేవ్.

ముసలాయన తలూపాడు.

"కొట్టుండ్రి సార్, నాకు గిది తక్కువనే. పొద్దుగాల ఇల్లు దేవులాడుకుంట వచ్చిన, చెప్దామంటె అమ్మ ఒంటిగంటకు రమ్మన్నది. వచ్చిన. కింద ఎవ్వరు లేరు, పైన పిల్లలు బంతిల కూసున్నరు. మళ్ల చెప్పవోతె మళ్ల పొమ్మంటరేమోనని, డబ్బ మూత తీసి సున్నుండలు కనవడంగనే బకెట్ గుమ్మరించి మూత పెట్టిన. నిన్న పెద్దమ్మ ఏంచిన మినుములు తెచ్చి, మా పిల్లకు గోధుమ పడదు, పిండి గిర్ని మంచిగ దులిపి పట్టమని ఒకటికి రెండుమాట్ల చెప్పింది. సరే సరే అనుకుంట, గోధుమలు పట్టిన గిర్నిలనే దులపకుంట మీ మినుములు పోసినోణ్ణి నేనే."